గంటాయన చేతిలో నా చావులు

"నీ మోటార్లన్నీ కాలిపోను!"

స్టెల్లా నాతో అన్న మొదటి మాట ఇది.

"ఆమెన్," అన్నాను నేను.

నేను గిద్దలూరులో మోటార్లకు వైండింగ్ చేస్తాను. బోరు మోటారు కాలితేనే నాకు అన్నం. షాపు తెరిచాక అంత మంచి దీవెన నాకెవరూ ఇవ్వలేదు. ఆ సంగతి ఆమెకు కాస్త ఆలస్యంగా తట్టింది. తట్టాక కోపం ఇంకా పెరిగింది.

"ఎగతాళా? నువ్వు మోటారు టెస్టింగ్ పెట్టినప్పుడల్లా నా షాపులో కరెంటు పోతాంది. లోపల ఒక ముసలాయన పొలం అడంగల్ కోసం పొద్దున్నుంచి నిలబడినాడు. కాయితం సగం మిషన్లో ఉంది, సగం బయట ఉంది."

"ఫ్యూజు నేను వేస్తా మేడం."

"ముందు ఆ ఆమెన్ అనేది ఆపు. మాదీ చర్చి ఇల్లే. ఆ మాట యాడ అనాల్నో నాకు తెలుసు."

ఫ్యూజు వేశాను. ముసలాయన అడంగల్ తీసుకుని వెళ్ళిపోయాడు. ఆమె నా వైపు చూడకుండా తన జిరాక్స్ షాపులోకి వెళ్ళింది. మా రెండు షాపుల మధ్య ఉన్నది ఒక్క రేకు గోడ. ఆ రోజు నుంచి ఆ గోడకు అవతల మిషన్ తిరిగే చప్పుడు వినపడితే చాలు, నా చేతిలో రాగి తీగ లెక్క తప్పేది. మళ్ళీ మొదటి నుంచి చుట్టుకునేవాణ్ణి.

నా పేరు శ్యాంసన్. పేరు చూసి మోసపోవద్దు. మా అమ్మ జ్ఞానమ్మ ఎంతో ఆశపడి పెట్టిన పేరది. లోపల ఉన్నది మాత్రం కోడిపిల్ల గుండె. ఇరవై ఐదేళ్లు వచ్చినా కొట్టువాడు చిరిగిన నోటు ఇస్తే మార్చమని అడగలేను.

ఇక గంటాయన సంగతి చెప్పాలి. నా బతుకును నాశనం చేసినవాడు ఆయనే.

బెంగళూరులో రెండేళ్లు పనిచేసినప్పుడు నా రూమ్మేట్ ఊరికి పోతూ పోతూ తన గేమ్ మిషన్ నాకు ఇచ్చేశాడు. అందులో ఉన్నది ఒకటే ఆట. ఎవరో చిన్న కంపెనీవాళ్ళు చేసింది, ప్రపంచంలో పెద్దగా ఎవరూ ఆడనిది. కత్తి పట్టుకుని ఒక పాడుబడిన కోటలోకి పోవాలి. చివర్లో నీళ్ల ట్యాంకంత మనిషి ఉంటాడు. భుజం మీద కంచు గంట. ఆయన అసలు పేరు ఇంగ్లీషులో ఏదో ఉంది గానీ నేను గంటాయన అని పెట్టుకున్నాను. మొదట కాలితో తొక్కుతాడు. తర్వాత చేత్తో ఊడ్చేస్తాడు. ఆ రెండూ తప్పించుకున్నామా, మూడో దశలో గంట మోగిస్తాడు. ఒకటి. రెండు. మూడు. మూడో గంటకు తెల్లటి వెలుగు వచ్చి తెరంతా నిండుతుంది, నేను చచ్చిపోతాను.

ఎండ మండే వేళ, ఒంటిగంట నుంచి రెండున్నర దాకా, మా బజారులోకి కుక్క కూడా రాదు. ఆ గంటన్నర నేను షాపులో పాత టీవీకి మిషన్ తగిలించి గంటాయన చేతిలో చచ్చేవాణ్ణి. యాభై చావుల దాకా పంతం పట్టాను. ఆ తర్వాత గైడు కోసం వెతికాను. వీడియోలేమీ లేవు. ఏ దేశంలోనో ఒక మహానుభావుడు ఈ ఆట గురించి ముప్పై ఎనిమిది పేజీలు రాసిపెట్టాడు, అంతా ఇంగ్లీషులో. దాన్ని పెన్ డ్రైవ్‌లో వేసుకుని, గుండె చిక్కబట్టుకుని, రేకు గోడకు అవతలికి వెళ్ళాను.

స్టెల్లా పేజీలు ప్రింటు తీస్తూ ఒకదాన్ని చదివింది.

"ఇది ఏ పరీక్షకు?"

"గంటాయన పరీక్షకు."

"ఎవరాయన?"

చెప్పాను. పగలబడి నవ్వింది. నా మీద ఎవరైనా నవ్వితే నాకు ఏడుపొస్తుంది. ఆ రోజు రాలేదు.

"ఇంగ్లీషు చదువుతావా నువ్వు?"

"కూడబలుక్కుని చదువుతా. ఒక పేజీకి ఒక పూట పడతాది."

"ముప్పై ఎనిమిది పూటలు! అంతవరకు ఆయన నీకోసం ఆగుతాడా?" స్టెల్లా డిగ్రీ చదివింది. ఉద్యోగ పరీక్షలకు తయారవుతూనే షాపు నడుపుతోంది. ఇంగ్లీషు ఆమెకు మంచినీళ్లు. "నాకూ ఆ టైములో బేరం ఉండదు. నేను చదువుతా, నువ్వు ఆడు. చూద్దాం, ఆ గంటాయన కథేందో."

అట్లా మొదలైంది.

మొదటి రోజు ఆమె ఒక వాక్యం చదివి పూర్తిచేసేలోపు నేను పూర్తయిపోయాను. "ఆయన ఎడమ కాలు ఎత్తి, ఒక్క క్షణం ఆగి, నేల మీద బలంగా..." అనేసరికి తెర నల్లబడింది. "ఇంకా చెప్పనే లేదు గదయ్యా!" అని ఆమె, "నువ్వు పత్రికలో వార్త చదివినట్టు చదివితే ఎట్ల?" అని నేను. తర్వాత ఇద్దరం కూర్చుని చిన్న చిన్న మాటలు ఖాయం చేసుకున్నాం. దొర్లు. ఆగు. కొట్టు. పరిగెత్తు. ఆమె ముందే పేజీ చదువుకుని, తెర చూస్తూ ఆ మాటలు అరిచేది. నేను చేసేవాణ్ణి. వారంలో మొదటి దశ దాటాం. పది రోజుల్లో రెండోది దాటాం.

ఆ పదో రోజు ఆమె సంతోషంతో నా భుజం మీద ఒక్కటిచ్చింది. చేతికి జిరాక్స్ పొడి అంటుకుని ఉంది. నా చొక్కా మీద నాలుగు వేళ్ల నల్లటి గుర్తు పడింది. ఆ చొక్కా ఉతకమని అమ్మ అడిగితే వద్దన్నాను.

ప్రేమ కథల్లో ఇక్కడ వాన పడాలి. మా వైపు పడదు. పడితే పాట పాడేదెవరు, చేన్ల వైపు పరిగెత్తడమే. కాబట్టి వాన లేకుండానే నేను స్టెల్లాను ప్రేమించాను. ఎండలో, వార్నిష్ వాసనలో, చద్దన్నం డబ్బాల మధ్య ప్రేమించాను.

చెప్పొచ్చు కదా అంటారు. నేను చిరిగిన నోటు మార్చమని అడగలేని మనిషినని ముందే మనవి చేశాను.

మా ఇళ్లల్లో ఒక అలవాటు ఉంది. ఏ పని తలపెట్టినా దేవుణ్ణి గుర్తు అడుగుతాం. మా అమ్మ బర్రెను కొనేముందు, "ప్రభువా, ఇది నా వైపు మొహం తిప్పితే నీ చిత్తమని కొంటా," అని ప్రార్థన చేసి సంతలో గంటసేపు నిలబడింది. నన్ను బెంగళూరు పంపాలా వద్దా అని మా నాయన, ఆదివారం చర్చిలో మొదటి పాట ఏ నంబరు వస్తుందో దాని మీద పెట్టాడు. ఇట్లాంటి ఇంట్లో పుట్టినవాణ్ణి నేను. పదో రోజు సాయంత్రం షాపు మూసి, మోకరించి, నేనూ అడిగాను.

"ప్రభువా, కోత పండగ లోపల గంటాయన చస్తే స్టెల్లాను అడుగుతా. చావకుంటే అది నీ చిత్తం కాదనుకుంటా. ఆ మాట ఇంక ఎత్తను."

చర్చిలో కోత పండగకు ఇంకా నెల రోజులుంది. మా ఊరికీ స్టెల్లా వాళ్ల ఊరికీ ఒకడే పాస్టరు, పండగ కూడా ఒకటే. రెండు దశలు పది రోజుల్లో దాటినవాణ్ణి, మూడోదానికి నెల చాలదా అనుకున్నాను. నా అంత వెర్రివాడు కంభం నుంచి కొమరోలు దాకా వెతికినా దొరకడు.

మూడో దశ దాటలేదు.

రోజూ ఒకటే కథ. గంట ఒకసారి మోగేది. "కొట్టు!" అనేది స్టెల్లా. రెండోసారి మోగేది. "దొర్లు!" మూడోసారి మోగేముందు, "పరిగెత్తు శ్యాంసన్, దూరంగా పరిగెత్తు!" నేను ప్రాణం పెట్టి పరిగెత్తేవాణ్ణి. స్తంభాల వెనక్కి, మెట్ల మీదికి, గోడ మూలకు. ఆ తెల్లటి వెలుగు ఎక్కడ దాక్కున్నా వచ్చి నన్ను తినేసేది.

"గైడులో ఇంకేమన్నా ఉందా, చూడు."

"ఇంతే ఉంది."

"ఇంకొంచెం ముందే పరిగెత్తాల్నేమో."

"ఏమో," అనేది. పేజీలు సర్దుకునేది. "రేపు చూద్దాంలే."

రేపు అన్న మాట ఆమె ఎంత తేలిగ్గా అనేదో! ఆమెకు రేపు ఇంకో మధ్యాహ్నం. నాకు అది తగ్గిపోతున్న గడువు. చావులు వంద దాటాయి. నేను అన్నం సరిగా తినడం మానేశాను. ఒక రైతు మోటారుకు తీగ తిరగేసి చుట్టాను, నీళ్లు పైకి రాలేదు, ఆయన నన్ను నాలుగు తిట్టి పోయాడు. ఆ తిట్లు కూడా సరిగా తగల్లేదు. దేవుడు వద్దంటున్నాడు, రోజూ మధ్యాహ్నం ఒంటిగంటకు నన్ను కూర్చోబెట్టి మరీ వద్దంటున్నాడు, ఇంతకంటే తిట్టేముంది?

పండగ ఇంకా తొమ్మిది రోజులుందనగా స్టెల్లా వాళ్లమ్మ మార్తమ్మ నా షాపుకు వచ్చింది. భర్త పోయాక కూలికి పోయి కూతురిని చదివించిన మనిషి. తలకు కట్టిన తువ్వాలు విప్పి మొహం తుడుచుకుని, నేను ఖాళీ చేసిన స్టూలు మీద కూర్చుంది.

"మంచినీళ్లు ఇమ్మంటావా అత్తా?"

"నీళ్లు వద్దులే నాయనా. ఒక పని ఉంది. స్టెల్లాకు కురిచేడు సంబంధం ఒకటి వచ్చింది. పిల్లోడి పేరు గిద్యోను. రైల్వే గేటు దగ్గర పనంట. మాకు మగదిక్కు లేదు గదా. నువ్వు పోయి ఎట్లాంటోడో కనుక్కొని రా. నువ్వైతే ఉన్నది ఉన్నట్టు చెప్తావు."

రేకు గోడకు అవతల మిషన్ ఆగింది. నేను తల ఊపాను. ఇంకేం చేయగలను?

మర్నాడు పొద్దున రైలెక్కాను. కంభం, మార్కాపురం రోడ్డు, దొనకొండ. ఒక్కో స్టేషన్ దాటుతుంటే నాకు ఒకే ఆశ. వాడు తాగుబోతై ఉండాలి. పేకాటైనా ఆడాలి. కనీసం తల్లిని కసురుకోవాలి. ఇట్లా కోరుకోవడం పాపమని తెలుసు. తెలిసే కోరుకున్నాను.

కురిచేడులో టీ కొట్టువాణ్ణి అడిగాను. మంచోడన్నాడు. మంగలి షాపులో అడిగాను. మంచోడన్నారు. సారా పాకలా కనపడిన చోట కూడా అడిగాను. వాడు ఇటు రాడన్నారు. చివరికి గేటు దగ్గరికే వెళ్ళి, మోటార్ల పని మీద వచ్చానని అబద్ధం మొదలుపెట్టాను.

గిద్యోను నవ్వాడు. "నన్ను చూడ్డానికి వచ్చినావు గదన్నా. గిద్దలూరు నుంచి మనిషి వస్తాడని అనుకుంటానే ఉన్నా. కూర్చో." టీ తెప్పించాడు. గేటు వేసినప్పుడు ఒక ముసలమ్మ గంప మోస్తూ నిలబడిపోతే తనే వెళ్ళి గంప దించి, గేటు తీశాక మళ్ళీ ఎత్తి పంపాడు. వాళ్లమ్మకు నడుం నొప్పి అని వంట తనే చేస్తాడట. నేను వచ్చేటప్పుడు కాగితంలో జామకాయలు చుట్టి ఇచ్చాడు.

"ఆ అమ్మాయి బాగా చదువుకున్నదంట గదన్నా. నాకు పదోతరగతే. ఒప్పుకుంటాదంటావా?" అన్నాడు రైలెక్కిస్తూ.

ఒక్క లోపమూ దొరకలేదు. ఆ జామకాయలు కూడా తియ్యగా ఉన్నాయి.

సాయంత్రం మార్తమ్మ ఇంటికి వెళ్ళి ఉన్నది ఉన్నట్టు చెప్పాను. "బంగారం లాంటి పిల్లోడు అత్తా. కళ్లు మూసుకొని ఇయ్యొచ్చు."

ఆమె నా మొహంలోకి చాలాసేపు చూసింది. "అంతేనా? ఇంకేం చెప్పేది లేదా?"

"ఇంకేమీ లేదు."

"సరే," అంది. ఎందుకో ఆ మాట సంతోషంగా లేదు. గుమ్మంలో స్టెల్లా చేటలో బియ్యం ఏరుతోంది. తల ఎత్తకుండా అంది. "బాగుంది శ్యాంసన్. చాలా బాగా కనుక్కొని వచ్చినావు."

ఆ వారం ఆమె నా షాపుకు రాలేదు. నేను పేజీలు లేకుండా, ఆమె గొంతు లేకుండా ఒక్కణ్ణే ఆడాను. రెండో దశ కూడా దాటలేకపోయాను.

పండగకు ముందురోజు శనివారం వచ్చింది. పేజీల కట్ట పట్టుకుని, మొహం గంటు పెట్టుకుని. "ఆడు," అంది. ఆడాను. నా చేతులు ఎప్పుడూ అంత బాగా ఆడలేదు. గంటాయన ప్రాణం వెంట్రుకవాసిలో ఉంది. గంట ఒకటి మోగింది. రెండు మోగింది. నేను ఆమె గొంతు కోసం ఎదురుచూశాను. ఆమె నోరు తెరిచి, ఆగి, ఏదో మింగింది.

"పరిగెత్తు," అంది, చాలా మెల్లగా.

పరిగెత్తాను. చచ్చాను. అది నూట అరవై రెండో చావు.

ఆదివారం కోత పండగకు అందరూ గుమ్మడికాయలూ కందులూ తెచ్చి చర్చి ముందు పోశారు. నేను ఏమీ తీసుకుపోలేదు. వెనక బెంచీలో కూర్చున్నాను. పాస్టరు గారు కృతజ్ఞత గురించి చెబుతుంటే నాకు కన్నీళ్లు ఆగలేదు. ఆత్మ కదిలిందనుకుని పక్కన పెద్దాయన నా వీపు నిమిరాడు. బుధవారం కురిచేడు నుంచి పెద్దలు మాట ఖాయం చేసుకోవడానికి వస్తున్నారని బయట ఆడవాళ్లు అనుకుంటున్నారు.

సోమవారం నేను గేమ్ మిషన్‌ను అట్టపెట్టెలో పెడుతుంటే స్టెల్లా వచ్చి గుమ్మంలో నిలబడింది.

"యాడికి సర్దుతాండావు?"

"కొమరోలుకు. అక్కడ షాపు చూసుకున్నా."

"ఎందుకు?"

"ఆ పక్క బోర్లు ఎక్కువ."

"ఇక్కడ కాలే మోటార్లు నీకు చాలలేదా?"

పెట్టె మూత మూయబోయాను. ఆమె లోపలికి వచ్చి అట్టపెట్టె మీద చెయ్యి పెట్టింది. "నిజం చెప్పు."

దాచి ప్రయోజనం ఏముంది, అంతా అయిపోయాక? "దేవుడు వద్దన్నాడు స్టెల్లా."

"దేన్ని?"

"నెల కింద ప్రార్థన చేసినా. కోత పండగ లోపల గంటాయన చస్తే నిన్ను అడుగుదామని. చావకుంటే అడగకూడదని. చావలేదు. నిన్నటితో గడువు అయిపోయింది."

ముందు ఆమెకు నవ్వొచ్చింది. ఆ నవ్వు సగంలోనే విరిగిపోయింది. తీగ చుట్టల మీద కూలబడింది.

"నన్ను అడగాల్నా వద్దా అని... దేవుణ్ణి అడిగినావా?"

"ఔను."

"నేను పక్కనే కూర్చోనుంటే?"

ఆమె లేచి తన షాపులోకి పరుగెత్తింది. రేకు గోడకు అవతల మిషన్ కింది అర లాగిన చప్పుడు వినపడింది. ఒక కాగితం తెచ్చి నా చేతిలో పెట్టింది. నాలుగు మడతలు పెట్టి ఉంది. కింద నంబరు ముప్పై నాలుగు.

"చదువు."

"నువ్వు చదువు."

"ఈ ఒక్కటీ నువ్వే చదవాల."

కూడబలుక్కుని చదివాను. ఎంతసేపు పట్టిందో తెలియదు. ఆమె ఒక్క మాట కూడా సాయం చేయలేదు. మూడో గంటకు దూరంగా పరిగెత్తితే చావు తప్పదని రాసి ఉంది. పరిగెత్తకుండా ఆయన కాళ్ల దగ్గరికి, గంట కిందికి పోవాలట. అక్కడ ఏదీ తగలదట.

"స్టెల్లా, దగ్గరికి పొమ్మని ఉంది."

"ఉంది."

"నువ్వు పరిగెత్తమన్నావు."

"అన్నా."

"నెల రోజులు!"

"పదకొండో రోజే చదివినా ఆ పేజీ. చదివి కట్టలోంచి తీసేసినా. ఇది చెప్తే నువ్వు ఆ పూటే గెలుస్తావు. గెలిచినాక పేజీలు మడిచి పెట్టుకొని పోతావు. మళ్ళీ నాకు మిగిలేది గోడ అవతల మోటారు చప్పుడే. ఇంకొక్క రోజు, ఇంకొక్క రోజు అనుకున్నా. నువ్వు ఏదో ఒక రోజు నోరు తెరుస్తావని చూస్తా ఉండినా."

నాకు కోపం వచ్చింది. నిజంగానే వచ్చింది. "నేను మోకాళ్ల మీద ఏడ్చినా తెలుసా? రోజూ ఏడ్చినా."

"నేను ఏడవలేదనుకున్నావా? నువ్వు కురిచేడు పోయి ఆ పిల్లోడు బంగారమని మా అమ్మకు చెప్తాంటే, ఆ చేటలో బియ్యం నాకు కనపడినాయనుకున్నావా?" ఆమె మళ్ళీ తీగ చుట్టల మీద కూర్చుంది. "మొన్న శనివారం చెప్దామనే వచ్చినా. చెప్పి నిన్ను గెలిపించి పోదామనుకున్నా. నోరు రాలేదు. దేవుడు వద్దన్నాడంట! దేవుడు వద్దనలేదు. నిన్ను దూరంగా పొమ్మన్నది నేను. నా తప్పు తెచ్చి దేవుడి మీద వెయ్యొద్దు."

బయట ఎవరో అడంగల్ కావాలని పిలిచి పిలిచి వెళ్ళిపోయారు. నా కోపం ఎప్పుడు పోయిందో నాకు తెలియదు. భయం మాత్రం పోలేదు. బుధవారానికి ఉన్నది ఒక్క రోజు.

"నేనే పోయి మంచోడని చెప్పి వచ్చినా. ఇప్పుడు మీ అమ్మకు ఏమని చెప్పేది?"

"మంచోడే. మంచోళ్లందరినీ నేను చేసుకోవాల్నా?" కళ్లు తుడుచుకుని లేచింది. "నడువు."

మార్తమ్మ మిరపచేనులో తొలికతో కలుపు తీస్తోంది. మమ్మల్ని ఇద్దరినీ చూసి నడుం నిటారు చేసింది కానీ చేతిలో తొలిక వదల్లేదు. నేను గుర్తు అడిగిన సంగతి నుంచి ముప్పై నాలుగో పేజీ దాకా చెప్పాను. స్టెల్లా తన వంతు తను చెప్పింది.

"అయిందా?" అంది మార్తమ్మ. "ఇప్పుడు నేను చెప్తా వినండి. నాకు చెవుల్లేవనుకున్నావా? మా పేటలో నీ ఈడు పిల్లోళ్లంతా నన్ను పిన్నమ్మా అంటారు. నువ్వొక్కడివే అత్తా అంటావు. ఎందుకంటావో తెలుసుకోలేనంత పిచ్చిదాన్నా?"

"మరి కురిచేడుకు నన్నే ఎందుకు పంపినావు?"

ఆమె మొహం పక్కకు తిప్పుకుంది. "నేనూ గుర్తు అడిగినా."

"అమ్మా!" అంది స్టెల్లా.

"అడిగినా. ప్రభువా, వీడు ఆ పిల్లోడికి ఏదన్నా వంక పెడితే నా బిడ్డ మీద మనసుందని తెలుసుకుంటా, పెట్టకుంటే కురిచేడుకే ఇచ్చేస్తా అని. ఎంత మంచోడికైనా వంక దొరకదా, దొరకబుచ్చుకొని వస్తాడులే అనుకుంటి. నువ్వొచ్చి బంగారమంటివి! రెండుసార్లు అడిగినా, ఇంకేం లేదా అని. లేదంటివి. నేను ఆ పొద్దు అన్నం తినలా." తొలికను గట్టున విసిరింది. "గుర్తులు అడిగేదానికి ఇంతమందిమి ఉన్నాం. నోరు తెరిచి మనిషిని అడిగేటోళ్లు ఒక్కరు లేరు మనలో."

నేను తల దించుకున్నాను.

"నేల చూస్తావేంది? ఇప్పుడన్నా అడగవా?"

మిరపచెట్ల మధ్య నిలబడి, జీవితంలో మొదటిసారి, నాకు కావలసినది నోరు తెరిచి అడిగాను. "అత్తా, స్టెల్లాను నాకియ్యి. ఆమె లేకుంటే నాకు ఏ పనీ చేతగాదు. బాగా చూసుకుంటా."

మార్తమ్మ వెళ్ళి గట్టున పడిన తొలిక తీసుకుంది. "ఆ కురిచేడు బిడ్డ బుధవారానికి కొత్త చొక్కా కుట్టించుకోని ఉంటాడు," అంది మెల్లగా. "వాడేం పాపం చేసినాడు? ఫోన్లో కాదు. నువ్వే పోయి, మొహం చూపించి, వాడికి చెప్పి రా. తిరిగొచ్చినాక మీ అమ్మను మా ఇంటికి పంపించు."

స్టెల్లా నా వెంట బయల్దేరబోతే చెయ్యి పట్టుకుని ఆపింది. "నువ్వు యాడికి? వాడి పని వాణ్ణి చేసుకోనీ."

మధ్యాహ్నం రైలెక్కాను. ఏం చెప్పాలో కంభం దాటినా తెలియలేదు. దొనకొండ దాటినా తెలియలేదు. కురిచేడు గేటు దగ్గర గిద్యోను దూరం నుంచే నన్ను చూసి చెయ్యి ఊపాడు.

"గిద్యోనూ," అన్నాను, కూర్చోకుండా. "స్టెల్లాకూ నాకూ ఇష్టం. ఆ రోజే చెప్పాల్సింది. ధైర్యం లేక నిన్ను మంచోడని చెప్పి పోయినా. వాళ్లమ్మ ఈ పొద్దు నాకిస్తానన్నాది. తప్పు నాది. నీది ఏమీ లేదు."

అప్పుడే సిగ్నల్ వస్తే అతను వెళ్ళి గేటు వేశాడు. గూడ్సు బండి చాలా పొడవుగా ఉంది. అది పోయేదాకా పట్టాల వైపే చూస్తూ నిలబడ్డాడు. గేటు తీసి వచ్చి, మెడలో తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు.

"మా అమ్మకు చెప్పేసినానన్నా. సంతోషపడింది," అన్నాడు. ఆ మాట నాకు గంటాయన దెబ్బలన్నిటికంటే గట్టిగా తగిలింది. ఒక స్టూలు నా వైపు జరిపాడు. "ఇంత దూరం వచ్చి చెప్పినావు. టీ తాగి పో."

తాగాను. స్టేషన్‌కు వచ్చి స్టెల్లాకు ఫోన్ చేశాను.

"చెప్పినా."

"ఏమన్నాడు?"

"టీ తాగి పొమ్మన్నాడు."

ముక్కు చీదిన చప్పుడు వినపడింది. ఏడుస్తోందని తెలిసింది. నేనూ ఏడుస్తున్నానని ఆమెకు తెలిసే ఉంటుంది.

"శ్యాంసన్," అంది చివరికి, "ఎన్నింటికొస్తాది నీ రైలు? నేను స్టేషన్‌కు వస్తా."